డీఈవో కుర్చీకి మూడేళ్లు కావాలి

జిల్లా విద్యాశాఖాధికారి పనితనాన్ని పదో తరగతి ఉత్తీర్ణత శాతంతో తూచడం మనకు అలవాటైపోయింది. ఫలితాలు రాగానే జిల్లాకు ఎన్నో స్థానం అన్నదే చర్చ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే పాత అనంతపురం జిల్లాలో చదువు తెగే చోటు వేరే ఉంది. వేరుశనగ దెబ్బతిన్న ఏడాది కదిరి, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో జనం మూటాముల్లె సర్దుకుని బెంగళూరు కూలి పనులకు కదులుతారు. పిల్లలూ వెంటే పోతారు. హాజరు పట్టీలో పేరు మాత్రం మిగులుతుంది.

ఇందుకు మందు లేకపోలేదు. తల్లిదండ్రులు వలసపోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సమగ్ర శిక్షా కింద సీజనల్ హాస్టళ్లు పెట్టవచ్చు. కానీ వాటి క్యాలెండర్ చూడండి. జూన్‌లో బాధ్యతలు తీసుకున్న అధికారి తొలి వలసను చూసేది చలికాలంలో. ఏ ఊళ్లు ఖాళీ అవుతాయో, ఏ బడిలో హాజరు కాగితం మీదే ఉందో అప్పుడు గానీ తెలియదు. ఆ అనుభవంతో పంపిన ప్రతిపాదన తర్వాతి ఏడాది వార్షిక ప్రణాళికలో చేరి, మంజూరై, హాస్టల్ తలుపు తెరుచుకునేసరికి రెండో వలస వస్తుంది. అది పనిచేసిందో లేదో తేలేది మూడో ఏట. మధ్యలో బదిలీ అయితే కథ మళ్లీ మొదటికి. ఇక ఇన్‌చార్జి అధికారి అయితే బదిలీల కౌన్సెలింగ్, కోర్టు కేసులు, వీడియో కాన్ఫరెన్సులతోనే సరి.

ఎక్కువ కాలం ఉంచితే పాతుకుపోతారన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అధికారి ఎంత త్వరగా మారితే ఆఫీసులో పాతకాపుల పెత్తనం అంత పెరుగుతుంది. ఫైలు గుట్టు తెలిసింది వాళ్లకే కదా. సివిల్ సర్వీసు అధికారులకు కనీస పదవీకాలం ఉండాలని సుప్రీంకోర్టు 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో చెప్పింది. ఆ సూత్రం డీఈవోకు ఎందుకు వర్తించకూడదు? అసలు అధికారం కలెక్టరుది, కమిషనరుది అనేవారూ ఉన్నారు. నిజమే, కానీ 63 మండలాల పాత జిల్లాను 2022లో రెండుగా చీల్చిందే పాలన దగ్గరవుతుందని చెప్పి కదా! దగ్గరున్న అధికారికి ఊళ్లు తెలిసేంత కాలం ఇవ్వకపోతే ఆ చీలిక ఎందుకు?

అంతకన్నా గట్టి అభ్యంతరం అమెరికా నుంచి వస్తుంది. అట్లాంటా నగర బడులకు 1999 నుంచి 2011 దాకా బెవర్లీ హాల్ ఒక్కరే సూపరింటెండెంట్, అంటే మన డీఈవో లాంటి అధికారి. మార్కులు పెరిగాయని బహుమతులూ వచ్చాయి. చివరికి 44 బడుల్లో పిల్లల జవాబులను సిబ్బందే మార్చారని రాష్ట్ర విచారణ తేల్చింది. అక్కడ కాలం సరిపోయింది, కొలత తప్పింది. మన ఉత్తీర్ణత శాతాల పిచ్చీ అదే దారి. అందుకే మూడేళ్ల హామీతో పాటు కొలతా మారాలి: వలసపోయిన పిల్లల్లో ఎందరు తిరిగి బడికొచ్చారో ఏటా మండలాలవారీగా ప్రకటించాలి. మూడేళ్ల లోపు అధికారిని కదిపితే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, ఒక్క జీవో చాలు.