పాడితే మెచ్చుకుంటాం... మీట నొక్కితే?

ఆ మధ్య తాండూరులో ఒక పెళ్లి విందుకు వెళ్లాను. ఫంక్షన్ హాలులో ఒక పక్క పాటల కచేరీ పెట్టారు. ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి మైకు పట్టుకుని చక్కగా పాడింది. చప్పట్లే చప్పట్లు! "ఎంత మంచి గొంతు!" అని పెద్దవాళ్లంతా మెచ్చుకున్నారు. పాట అయ్యాక ఆ పిల్ల వేదిక దిగి నేరుగా సౌండు ఆపరేటర్ దగ్గరకు వెళ్లింది. "అన్నా, ఈ మీట తిప్పితే ఏమయితది? నా గొంతు గుహలోంచి వచ్చినట్టు ఎట్ల వినిపించింది?" అని అడగసాగింది. అంతలోనే వెనక నుంచి కేక... "గవన్నీ నీకెందుకు బిడ్డా? కరెంటుతోని ఆటలా? ఇటు రా!"

పిల్ల ముఖం చిన్నబోయింది.

ఆ కేక వేసినావిడ చెడ్డదేమీ కాదు. బిడ్డ మీద ప్రేమతోనే అంది. ఆమె స్థానంలో మనలో ఎవరమున్నా ఆ మాటే అనేవాళ్లమేమో! ఆలోచించాల్సింది అక్కడే. ఆడపిల్ల పాడితే మురిసిపోతాం. ఆ పాటను తయారుచేసే యంత్రం ముందు కూర్చుంటానంటే మాత్రం మనకు నచ్చదు. వంటింట్లో మిక్సీ మనది, పాటల గదిలో మిక్సర్ మగవాళ్లది అని ఎవరు పంచి ఇచ్చారో గానీ, ఆ పంపకం ఇంకా అలాగే నడుస్తోంది.

సినిమాల్లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే ఆసామి. పాప్ పాటల లోకంలో రికార్డు ప్రొడ్యూసర్ అంటే వేరు. గాయని పాడిన గొంతును ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, వెనక ఏ తాళం, ఏ శబ్దం రావాలో చూసి, పాటకు చివరి రూపం ఇచ్చే వ్యక్తి. తాండూరు కందిపప్పు ఒకటే అయినా పది ఇళ్లలో పది రుచులుంటాయి కదా! పొయ్యి దగ్గర నిలబడ్డ చెయ్యిని బట్టి రుచి. పాటలో ఆ చెయ్యి ప్రొడ్యూసర్‌ది. ఇప్పుడా వంటంతా కీబోర్డు మీద, కంప్యూటర్ మీద జరుగుతోంది.

మరి మన తెలుగులో ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు ఎందరు? 1954లో 'చక్రపాణి' సినిమాకు భానుమతి సంగీతం సమకూర్చారు. 1968లో సావిత్రి దర్శకత్వంలో వచ్చిన 'చిన్నారి పాపలు' చిత్రానికి పి.లీల బాణీలు కట్టారు. కానీ ఇద్దరినీ మనం తలుచుకునేది గొంతు కోసమే. ఆ తర్వాత సంగీత దర్శకత్వాన్నే వృత్తిగా చేసుకుని నిలబడ్డది ఎం.ఎం.శ్రీలేఖ. ఆమె కీరవాణికి చెల్లెలి వరస. 1992లో వచ్చిన తమిళ చిత్రం 'నాళైయ తీర్పు'కు సంగీతం ఇచ్చేనాటికి ఆమెది ఇంకా చిన్న వయసే. 1995లో 'తాజ్ మహల్', 1996లో 'ధర్మచక్రం', 2001లో 'ప్రేమించు'... ఇలా వరసగా చేశారు. నేటికీ తెలుగులో మహిళా సంగీత దర్శకురాలెవరని అడిగితే, ఆమె పేరు చెప్పి మరో పేరు కోసం తడుముకుంటాం. అది శ్రీలేఖకు గర్వకారణం కావచ్చు. మనకు మాత్రం కాదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో డెలియా డెర్బీషైర్ అని ఒకావిడ ఉండేవారు. 1937లో పుట్టారు. కేంబ్రిడ్జిలో గణితం, సంగీతం చదివారు. 1959లో డెక్కా రికార్డు కంపెనీలో ఉద్యోగం అడిగితే, రికార్డింగు స్టూడియోల్లో ఆడవాళ్లను పెట్టుకోమని చెప్పి పంపేశారు. ఆమె ఊరుకోలేదు. మరుసటి ఏడు బీబీసీలో చేరి, 1962లో అక్కడి ప్రయోగశాల 'రేడియోఫోనిక్ వర్క్‌షాప్'కు చేరుకున్నారు. 1963లో 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌కు సంగీతం తయారుచేసే పని ఆమెకు వచ్చింది. బాణీ రాన్ గ్రైనర్ అనే ఆయనది. దాన్ని శబ్దంగా మలిచింది డెలియా.

ఎలా మలిచారనుకున్నారు? అప్పటికి కీబోర్డులో రకరకాల శబ్దాలు సిద్ధంగా దొరికే రోజులు కావు. ఒక తీగను మీటి, ఒక యంత్రపు కూతను పట్టి, టేపు మీద ఎక్కించారు. టేపు వేగం మార్చి ఒక్కో స్వరం రాబట్టారు. స్వరం ఎంతసేపు ఉండాలో లెక్కగట్టి, అంత పొడవు టేపును బ్లేడుతో కోసి, ముక్కకు ముక్క అతికించారు. కొలత తీసి, కత్తిరించి, జాకెట్టు కుట్టినట్టే! అది విని గ్రైనరే ఆశ్చర్యపోయి, ఆమె పేరు కూడా వెయ్యాలన్నారు. సంస్థ పద్ధతులు ఒప్పుకోలేదు. 1973లో ఆమె బీబీసీ వదిలేశారు. 2001లో కన్నుమూశాక అటక మీద 267 టేపులు దొరికాయి. ఆ సీరియల్ తెర మీద ఆమె పేరు పడింది 2013లో. పని చేసిన 50 ఏళ్లకు!

మన దేశంలోనూ ఇలాంటి అటక ఒకటుంది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. దాని వెనక ఉండి నడిపించిన వారిలో ముఖ్యురాలు గీతా సారాభాయ్. పఖవాజ్ వాయించిన మహిళ. ఆ యంత్రం మీద స్వయంగా రచనలు చేశారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ స్టూడియో మూలపడింది. టేపులు బీరువాల్లో మగ్గాయి. అవి ఆల్బంగా బయటికొచ్చింది 2023లో.

ఇప్పుడు మన అమ్మాయిల సంగతికి వద్దాం. "స్టూడియోలంటే హైదరాబాదులో ఉంటాయి. తాండూరు నుంచి వంద కిలోమీటర్లకు పైన. రికార్డింగులేమో రాత్రిళ్లు. ఆడపిల్లను ఎట్లా పంపుతాం?" అనే తల్లి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ రోజులు మారాయి. ఏ.ఆర్.రెహమాన్ తన మొదటి స్టూడియోను ఇంటి పెరట్లోనే కట్టుకున్నారు. 1992 నాటి 'రోజా' పాటలు అక్కడ పుట్టినవే. ఈనాడు పెరడు కూడా అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక మంచి హెడ్‌ఫోను, చిన్న కీబోర్డు ఉంటే నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చు. శ్రద్ధగా చదవాలనుకుంటే పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థలో డిగ్రీ తర్వాత శబ్దగ్రహణం కోర్సులున్నాయి. కొడుకు అడిగితే అప్పు చేసైనా కొనిచ్చే కంప్యూటర్‌ను, కూతురు అడిగితే "పెళ్లయ్యాక మీ ఆయన్ని కొనిపెట్టమను" అనకుండా ఉంటే చాలు.

ఇంటి నుంచి పని అంటే ఇంకో చిక్కుంది సుమండీ! "ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త పాలు పొంగకుండా చూడు" అన్న పిలుపు గంటకు నాలుగుసార్లు వస్తుంది. చెవికి హెడ్‌ఫోను ఉన్నంతసేపూ అది ఆఫీసే అని ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఆ తలుపు మూసే హక్కు ఆమెకివ్వాలి.

మరో మాట. ఇది నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు కాదు. ఒక నెల పని, మరో నెల ఖాళీ. అందుకే చదువు మానుకోవద్దు. పని ఒప్పుకునే ముందే డబ్బెంత, పేరు ఎక్కడ వేస్తారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. సినిమా పాటను హాల్లో బొమ్మతోపాటు కాక మరెక్కడ వాడుకున్నా, బాణీ కట్టినవారికి, పాట రాసినవారికి రాయల్టీలో వాటా ఉండాలని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. శబ్దాన్ని తీర్చిదిద్దేవారికి మాత్రం అంత గట్టి అండ లేదు. వాళ్లకు ఆ ఒప్పంద పత్రమే దిక్కు. "మనవాళ్లే కదా, పేరుదేముందిలే" అనుకుంటే డెలియా కథే మళ్లీ మొదలవుతుంది.

అందరు ఆడపిల్లలూ సంగీత దర్శకులు కావాలని నేననడం లేదు. ఒక పిల్ల ఒక మీటను చూసి "ఇదేంటి?" అని అడిగినప్పుడు, జవాబు వినేదాకా ఆమెను అక్కడ నిలబడనిద్దాం అంటున్నాను. ఆ రోజు తాండూరు పెళ్లిలో ఆపరేటర్ అబ్బాయి చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. అడగడానికి పిల్లా సిద్ధంగానే ఉంది. మధ్యలో అడ్డొచ్చింది మన పిలుపే.

ఈసారి అలాంటి చోట మన బిడ్డ కనిపిస్తే, కేక వెయ్యకుండా మనమూ వెళ్లి పక్కన నిలబడదాం. ఆ మీట తిప్పితే ఏమవుతుందో మనకూ తెలియదు కదా!