అప్పిచ్చినవాడు గడప బయటే నిలబడాలి

ఫైనాన్స్‌లో ఎలక్ట్రిక్ ఆటో కొన్న మన సహోదరులను ఒక మాట అడగండి: ఆ బండి ఎవరిది? ఆర్‌సీ మీద పేరు వారిదే. కిస్తీలు కట్టేది వారే. టైరు పేలినా, పోలీసు ఫైను వేసినా జేబులోంచి తీసేది వారే. కానీ బండి కదలాలా ఆగాలా అని తేల్చే తాళంచెవి మాత్రం చాలామంది దగ్గర లేదు.

బండిలోనో, బ్యాటరీ పెట్టెలోనో ఒక చిన్న డబ్బా బిగించి ఇస్తున్నారు. అందులో ఒక సిమ్ కార్డు, ఒక జీపీఎస్, కరెంటు ఆపగల ఒక స్విచ్చి ఉంటాయి. బండి ఎక్కడ తిరిగింది, ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఎప్పుడు చార్జింగ్ పెట్టారు అన్న లెక్కంతా ఎక్కడో ఉన్న సర్వరుకి పోతూ ఉంటుంది. కిస్తీ తేదీ దాటితే అదే దారిలో ఒక ఆజ్ఞ వెనక్కి వస్తుంది. పొద్దున్నే స్కూలు పిల్లలను ఎక్కించుకోవాల్సిన బండి ఇంటిముందు శవంలా పడి ఉంటుంది. ఎవరూ రాలేదు. ఎవరూ తలుపు కొట్టలేదు.

ఇదివరకు కిస్తీ తప్పితే సీజింగ్ వాళ్ళు వచ్చేవారు. వాళ్ళు మంచివాళ్ళని మేము అనడం లేదు. నడిరోడ్డు మీద బండి లాక్కుని, పెళ్ళాం పిల్లల ముందు నోటికొచ్చినట్టు తిట్టిపోయే సంగతి మన పేటల్లో ఎవరికి తెలియదు? 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు అప్పు పేరుతో మనిషిని ఎంత దూరం తొక్కవచ్చో తెలుగువాళ్ళందరూ చూశారు. కాబట్టి పాత రోజులే బాగుండేవని నిట్టూర్చేవాళ్ళం కాదు మేము. అయినా ఒక్క తేడా ఉంది. సీజింగ్‌కి వచ్చినవాడు మనిషి. "అన్నా, అమ్మ ఆస్పత్రిలో ఉంది, శనివారం దాకా ఆగు" అని చెప్పడానికి ఎదురుగా ఒక మొహం ఉండేది. పెద్దమనుషులు అడ్డం పడేవారు. పాస్టర్లు హామీ ఉండేవారు. సర్వరుకి ఎవరు హామీ ఉంటారు?

రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఒక మాట గట్టిగా చెప్పింది. అప్పు వసూలుకి ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో పరువు తీయకూడదని. మంచి నియమం. కానీ అది మనిషి నోటికి వేసిన తాళం. రాత్రి 2 గంటలకు బండిని ఆపేసే ఆజ్ఞ ఏ నోటితోనూ మాట్లాడదు. ఆటో స్టాండులో పది బండ్లు కదులుతుండగా ఒక్కటే కదలకపోతే, అది నలుగురిలో పరువు తీయడం కాదా?

దీన్ని టెక్నాలజీ అని పిలిచి పక్కకు తప్పుకోకండి. ఇది వ్యాపార వ్యూహం. వస్తువును నెట్‌కి కట్టడం, అది పంపే సమాచారాన్ని కోట్ల కొద్దీ పోగుచేసి లెక్కలు తీయడం, ఆ లెక్కను బట్టి వస్తువును అమ్మినా చేతిలోంచి వదలకుండా ఉండడం. కనెక్టెడ్ పరికరాలు, బిగ్ డేటా అని కాలేజీల్లో మన పిల్లలకు చెప్పే పాఠం వీధిలోకి వచ్చేసరికి ఇలా ఉంది.

ఈ ఆలోచన పుట్టినప్పుడే చెడ్డదని మేము అనుకోవడం లేదు. 1962లో బ్రిటన్‌లో బ్రిస్టల్ సిడ్లీ అనే కంపెనీ తన వైపర్ విమాన ఇంజన్లకు ఒక కొత్త పద్ధతి పెట్టింది. రిపేరు వచ్చినప్పుడల్లా బిల్లు వేయకుండా, ఇంజన్ ఎగిరిన గంటకు ఇంత అని తీసుకుంటాం, రిపేర్ల బాధ్యత మాది అంది. తర్వాత ఆ కంపెనీని రోల్స్‌రాయిస్ కొనేసింది, ఆ పద్ధతినీ పెంచి పెద్దచేసింది. ఇప్పుడు ఆకాశంలో ఉన్న ఇంజన్‌లోని సెన్సర్లు తమ వేడి, తమ వణుకు నేల మీదికి చెబుతుంటాయి. పాడవకముందే బాగుచేస్తారు. ఇక్కడ నిఘా ఉంది, డేటా ఉంది. కానీ ఇంజన్ ఆగితే డబ్బు పోయేది తయారుచేసిన కంపెనీకే. చూసేవాడే నష్టం కూడా మోస్తాడు. అందుకే అది న్యాయంగా నడిచింది.

ఆటో దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క తలకిందులైంది. చూసేవాడు ఫైనాన్స్ వాడు, నష్టం మోసేవాడు డ్రైవరు. బండి ఆగిన రోజున కంపెనీకి పోయేదేమీ లేదు, కిస్తీ మీద పెనాల్టీ కూడా పడుతుంది. డ్రైవరుకి ఆ రోజు కూలి పోతుంది. కూలి పోతే కిస్తీ ఇంకా వెనకబడుతుంది. అప్పు తీర్చడానికి ఉన్న ఒక్క దారినీ అప్పు పేరుతోనే మూసేసే ఈ పద్ధతిని తెలివి అనాలా?

కొందరు విద్యావంతులు మాకు చెప్పే జవాబు ఇది: "ఆ డబ్బా ఉంది కాబట్టే బ్యాంకు గడప తొక్కని పేదవాడికి కూడా లోను దొరుకుతోంది. లేకపోతే ఎవరిస్తారు?" ఇందులో నిజం ఉంది, ఒప్పుకుంటాం. జీతం స్లిప్పు లేనివాడికి, స్థలం కాగితం లేనివాడికి ఇప్పుడు బండి దొరుకుతోంది. దొంగతనం జరిగితే ఆచూకీ తెలుస్తుంది. అయితే మాకొక ఎదురు ప్రశ్న ఉంది. పేదవాడికి వడ్డీ ఎక్కువ ఎందుకంటే, డబ్బు మునిగిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి అని ఇన్నాళ్ళూ చెప్పారు గదా. బండి ఎక్కడుందో నిమిషం నిమిషం తెలుస్తూ, ఒక్క నొక్కుతో ఆపగలిగినప్పుడు ఆ ప్రమాదం తగ్గింది గదా. మరి తగ్గిన మేరకు వడ్డీ తగ్గించారా? ఆ డబ్బాకి, దాని నెలవారీ సిమ్ చార్జీకి డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతోంది? లోను కాగితం తీసి చూడండి. తన మెడకు కట్టిన తాడుకి తానే అద్దె కట్టుకుంటున్నవాళ్ళు మన మధ్య ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలుస్తుంది.

ఇది ఆటోతో ఆగేది కాదు. కిస్తీ తప్పితే సెల్‌ఫోనునే దూరం నుంచి లాక్ చేసే యాప్‌లు వచ్చాయి. వాటికి అనుమతి ఇవ్వవచ్చా అని 2025లో రిజర్వు బ్యాంకు స్థాయిలోనే చర్చ నడిచింది. ఫోను లాకైతే డెలివరీ కుర్రాడికి ఆర్డర్ రాదు, ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పిలవడానికి దారి ఉండదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లు డ్రైవర్లు ఎంత గట్టిగా బ్రేకు వేశారో, ఎంత వేగంగా పోయారో రాసిపెట్టుకుని, ఆ వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీల దాకా చేరాయని 2024లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. చాలామంది ప్రీమియం పెరిగాకే సంగతి తెలుసుకున్నారు. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఐదేళ్ళపాటు అలాంటి వివరాలు కన్స్యూమర్ రిపోర్టింగ్ సంస్థలకు ఇవ్వకూడదని ఆంక్ష ప్రతిపాదించింది. మన దేశంలో కూడా బండి నడిపే తీరును బట్టి ప్రీమియం వేసే పాలసీలకు ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2022 జూలైలో దారి తెరిచింది. కారున్నవాడికే అక్కడ ఆ గతి పట్టిందంటే, ఆటో ఉన్నవాడి సంగతి చెప్పాలా?

ఇక మనకు బాగా దగ్గరి మాట. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాలు ఎన్నో. చెన్నైలో, తమిళనాడు పట్టణాల్లో అదే పని చేసే అరుంధతీయుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. ఈ పారిశుధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీ కట్టే పద్ధతి నాగపూర్, చండీగఢ్, పంచకుల వంటి నగరాల్లో మొదలైంది. కంట్రోల్ రూములో తెర మీద ఒక్కో మనిషీ ఒక్కో చుక్క. చుక్క తన గీత దాటితే లెక్క తేడా వచ్చి జీతంలో కోత పడుతుంది. చండీగఢ్ కార్మికులు ఇది సంకెళ్ళేనని ధర్నాలు చేశారు. స్నానాల గదిలో కూడా ఇది మమ్మల్ని చూస్తుందా, వింటుందా అన్నది ఆడవాళ్ళ భయం.

వాచీ ఏం కొలుస్తుందో, ఏం కొలవదో గమనించండి. మనిషి ఎక్కడున్నాడో కొలుస్తుంది. మ్యాన్‌హోల్‌లో ఎంత విషవాయువు ఉందో కొలవదు. గ్యాసును పసిగట్టే పరికరాలు లేక కాదు, ఎప్పటినుంచో బజారులో ఉన్నాయి. 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడాన్ని నిషేధించింది. దిగి చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చావుకి ధర నిర్ణయమైంది గానీ చావును ముందే పట్టుకునే సెన్సర్‌కి బడ్జెట్టు రాలేదు. పనివాడు పది నిమిషాలు టీ తాగాడేమో పట్టుకునే సెన్సర్‌కి మాత్రం నెలనెలా అద్దె కట్టడానికి మునిసిపాలిటీలకు డబ్బుంది. గడ్డి ఇవ్వడం మానేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్న ఫరో సంగతి నిర్గమకాండము 5వ అధ్యాయంలో చదివినవాళ్ళం. ఈ వాచీ మనకు కొత్త వస్తువేమీ కాదు.

చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంతో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు పడడానికి అక్కడినుంచి ఇంకో 18 నెలల గడువిచ్చారు. చట్టంలో ఒక పెద్ద కన్నం ఉంది: 7వ సెక్షన్ ప్రకారం ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి పనివాడి సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చు. అంటే వాచీ కట్టేవాడికి దారి తెరిచే ఉంది. ఆ కన్నం పూడ్చమని మన సంస్థలన్నీ అడగాలి.

కానీ అదే చట్టంలో మనలాంటివాళ్ళకు ఒక పనికొచ్చే మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పడం లేదు. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. బెంగళూరులో కన్నడ రాదని, చెన్నైలో తమిళం చదవలేమని, బరంపురంలో ఒడియా చదవలేమని, సోలాపూర్‌లో మరాఠీ చదవలేమని మనవాళ్ళు తలవంచుకుని వేలిముద్ర వేయనక్కరలేదు. "తెలుగులో చూపించండి, చదివి సంతకం పెడతాం" అని అడగడం హక్కు. కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల చట్టం కూడా తెచ్చింది. తమకు పని పంచే, తమను తొలగించే ఆటోమేటిక్ పద్ధతుల గురించి తెలుసుకునే హక్కును అది ప్లాట్‌ఫాం కార్మికులకు ఇస్తోంది. బెంగళూరులో డెలివరీ చేసే మన కుర్రాళ్ళలో ఎంతమంది వెళ్ళి అడిగారు?

వాక్యం దగ్గరకు వద్దాం. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో తాకట్టు గురించి రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి, తిరగలిని తాకట్టు పట్టకూడదు. ఎందుకంటే దానితోనే ఆ ఇల్లు బతుకుతుంది, అది పట్టుకుంటే ప్రాణాన్ని పట్టుకున్నట్టే. రెండోది, అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి ఇంట్లోకి చొరబడకూడదు. బయట నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి. అప్పు ఎగ్గొట్టమని అక్కడ రాయలేదు, చూడండి. తాకట్టు తప్పని కూడా రాయలేదు. అప్పులో ఉన్నా వాడి గడప వాడిదే అని రాశారు. ఆటో ఈనాటి తిరగలి. ఆ డబ్బా, గడప దాటి లోపల కూర్చున్న అప్పులవాడు. ప్రతి ఆదివారం అప్పులు తీరాలని ప్రార్థన చేయించే సంఘాలు ఈ అధ్యాయం మీద ఎందుకు ప్రసంగించవో మాకు అర్థం కాదు. కానుకల పెట్టెలో ఫైనాన్స్ కంపెనీల వాళ్ళ నోట్లు కూడా పడతాయనా?

యువతీయువకులారా, మీతో ప్రత్యేకంగా ఒక మాట. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై ఆఫీసుల్లో ఈ సాఫ్ట్‌వేరు రాస్తున్నవారిలో మీరున్నారు. బండిని ఆపే ఆ నాలుగు లైన్ల కోడ్ ఎవరో ఒక తెలుగు బిడ్డ రాసి ఉంటుంది. ఉద్యోగం మానేయమని మేము చెప్పం. అప్పులు మీ ఇళ్ళలోనూ ఉన్నాయి. కానీ మీటింగులో ఒక ప్రశ్న వేయడానికి చోటుంటుంది. ఆపేముందు ఎన్ని రోజుల ముందు చెబుతున్నాం? ఎవరితో మాట్లాడాలో డ్రైవరుకి ఒక మనిషి పేరు, నంబరు ఇస్తున్నామా? బండిలో గర్భిణి ఉంటే, రోడ్డు మధ్యలో ఉంటే ఏమవుతుంది? అతని బండి సేకరించిన లెక్క అతనికి చూపిస్తున్నామా? ఆ లెక్క చూపిస్తే, రోజూ పన్నెండు గంటలు బండి నడుపుతున్నానని రుజువు పట్టుకుని అతను ఇంకో బ్యాంకులో తక్కువ వడ్డీకి అడగగలడు. ఆ డేటా అతని చెమట. ఇప్పుడది కంపెనీ ఆస్తిగా మాత్రమే చెలామణి అవుతోంది.

సంఘ కాపరులకు, యువజన కూటముల పెద్దలకు మా విన్నపం ఇది. లోను తీసుకోబోయే కుటుంబం సంతకం పెట్టకముందే కాగితాలు సంఘానికి తెచ్చుకోమనండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఇద్దరు కూర్చుని తెలుగులో చదివి వినిపించాలి. డబ్బా ఉందా, దాని ఖర్చు ఎవరిది, ఎన్ని రోజులకు ఆపుతారు, ఆపితే ఎన్ని గంటల్లో తిరిగి వదులుతారు అన్న నాలుగు సంగతులు పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు పాత కాగితాలే తేవచ్చు. ఒకే ఫైనాన్స్‌లో తీసుకున్నవాళ్ళు పదిమంది తేలితే, పదిమందీ కలిసే బ్రాంచికి వెళ్ళండి.