చెమటల పోయే ఉప్పుకు లెక్క ఎవరు కడ్తరు?

బెల్లంపల్లి ఎండ సంగతి కొత్తగ చెప్పేదేమున్నది? ఓపెన్‌కాస్టుల నల్ల బొగ్గు మీద అది ఇంకింత కాల్తది. చెమటల నీళ్లొక్కటే పోవు, ఉప్పు గూడ పోతది. ఉత్త నీళ్లే తాగుకుంట కష్టం జేస్తే ఒంట్ల ఉప్పు పలచబడి పిక్కలు, కడుపు పట్టేస్తయ్. బ్రిటన్ బొగ్గుబాయి కార్మికుల మీద 1920లల్లనే మాస్ అనే పరిశోధకుడు ఈ సంగతి తేల్చిండు. మందు గూడ జెప్పిండు: నీళ్లల్ల ఉప్పు.

కానిస్టేబుల్ కొలువుకు ఉరికే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇనుండ్రి. లీటరు నీళ్లకు టీ చెంచతోని సాపుగ కొలిచి 6 చెంచల చక్కెర, అర చెంచ ఉప్పు. రంగునీళ్ల సీసాలకు పైసలు తగలెయ్యకుండ్రి. ఎవరికన్న మాట తడబడి ఒళ్లు కాలుతుంటే తడిబట్ట గప్పి 108కు ఫోన్ కొట్టుండ్రి.

ఇంట్ల మనం జేసుకుంటం. పనికాడ? కాంట్రాక్టు కార్మికునికి, ఉపాధి హామీ కూలికి నీడ, సల్ల, ఓఆర్‌ఎస్, నడుమ ఇసిరామం ఇచ్చుడు దయ కాదు, హక్కు. అడుగుండ్రి.