అటకెక్కిన రంగుల పెట్టె



పోయిన దసరా సెలవుల్లో బడంగ్‌పేటలో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. దాని కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పుడు వీడికి బొగ్గుముక్క దొరికితే చాలు, గోడ నిండా కోడిపుంజులు, ఎడ్లబండ్లు గీసేవాడు. సండే స్కూలులో క్రిస్మస్‌కు గొర్రెల బొమ్మలన్నీ వాడు వేసినవే. పదో తరగతికి రాగానే వాళ్ల నాన్న "బొమ్మలు కూడు పెడతాయారా?" అని రంగుల పెట్టె అటకెక్కించాడు. ఆయన్ని తప్పుపట్టలేను. రెక్కల కష్టంతో ఫీజు కట్టే తండ్రికి ఆ భయం ఉంటుంది గదా!

ఈసారి ఇంటికి సున్నం వేద్దామని అటక దించుతుంటే ఆ పెట్టె బయటపడింది. రంగుబిళ్లలు ఎండి పగిలిపోయాయి. వాడు వాటిని నీళ్లతో తడిపి, గుమ్మంలో బియ్యం ఏరుతున్న నాయనమ్మను గీయడం మొదలుపెట్టాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. సాయంత్రం వాళ్ల నాన్న వచ్చి, ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "అచ్చం మా అమ్మ చెయ్యే" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

రాత్రి పిల్లవాడు నా పక్కన చేరి, "పెద్దమ్మా, పరీక్షలు పెట్టుకుని ఇలా చేయడం తప్పా?" అని అడిగాడు.

నేను వాడికి తోట వైకుంఠం గారి సంగతి చెప్పాను. ఆయన 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నతనంలో ఊరికి వచ్చే నాటకాలవాళ్లను, ఆడవేషం కట్టిన మగవాళ్ల ముఖాల రంగులను కళ్లప్పగించి చూసేవారట. హైదరాబాదులో చిత్రకళ చదివి, తర్వాత బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం వెళ్లి చదివినా, ఆయనకు పేరు తెచ్చిన బొమ్మలు మాత్రం సొంత ఊరివే. పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, నల్లని మేనిఛాయ గల మన తెలంగాణ ఆడవాళ్లే ఆయన పటాల నిండా కనిపిస్తారు. అందుకు తన తల్లి, తన ఊరి స్త్రీలే ప్రేరణ అని ఆయనే చెప్పుకున్నారు. 1988లో వచ్చిన 'దాసి' సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు కూడా అందుకున్నారు.

"నువ్వు మీ నాయనమ్మను గీశావు చూడు, ఆయన చేసిందీ అదేరా" అన్నాను.

మన బైబిలులో బెసలేలు ఉన్నాడు. ప్రత్యక్ష గుడారపు పని కోసం దేవుడు అతనిని పేరుపెట్టి పిలిచి, బంగారు పని, చెక్కడపు పని చేసే నేర్పు ఇచ్చినట్లు నిర్గమకాండము చెబుతుంది. చేతి పని కూడా తలాంతే సుమా!

అలాగని చదువు మానమని నేను చెప్పను. బొమ్మలు వేసే ప్రతి ఒక్కరికీ పేరు, డబ్బు వస్తాయనీ చెప్పను. కాని దారి ఉన్నదని పెద్దలు తెలుసుకోవాలి. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ పాసైనవారు ప్రవేశ పరీక్ష రాసి అక్కడ నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చదవవచ్చు. ఆ దారిన వెళ్లని పిల్లలకు కూడా, రోజంతా పుస్తకాలతో అలసిన మనసుకు ఒక అరగంట బొమ్మ ఎంతో ఊరట.

మా చెల్లెలి ఇంట్లో ఇప్పుడొక ఒప్పందం కుదిరింది. వారమంతా చదువు, ఆదివారం ఆరాధన అయ్యాక రెండు గంటలు బొమ్మలు. కొత్త రంగుల పెట్టె కొనుక్కొచ్చింది వాళ్ల నాన్నే.

మీ ఇంటి అటక మీద ఏ పిల్లవాడి పెట్టె ఉందో, ఈ నెలలో ఒకసారి దించి చూడండి.