మూతిమీది నెంబరు

కారుకి కూడా మొహం ఉంటుందని కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, ఆ రోజునించే మనకీ తంటా వచ్చిపడింది. దీపాలు కళ్ళు. ముందరి జాలీ నోరు. బానెట్టు నుదురు. మరి ఆ నోటికడ్డంగా 500 మిల్లీమీటర్ల పొడుగూ, 120 మిల్లీమీటర్ల ఎత్తూ గల అల్యూమినియం రేకు బిగిస్తే ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టుండదా అని కారుగలవాళ్ళ ఘోష. మామూలు కారయితే పోనీలే అని ఓర్చుకోవచ్చునట. స్పోర్ట్స్ కారయితే మాత్రం ప్రాణం ఒప్పదట. రెండు కోట్లు పోసి కొన్న బండి, నేలకి జానెడెత్తున పాములా పాకే బండి, దాని ముక్కుకి ఒక ప్లాస్టిక్కు బ్రాకెట్టూ, దానిమీద రేకూనా! "అన్యాయం సామీ! పెండ్లికూతురు మొగానికి రేషను కార్డు అంటించినట్లుంటాది" అన్నాడొకాయన. పోలిక బాగానే ఉంది. వాదమే బాగాలేదు.

హిందూపురంలో చింతపండు బస్తాల లారీలూ, పట్టుగూళ్ళ మూటలు మోసే ఆటోలూ తప్ప స్పోర్ట్స్ కార్లెన్ని ఏడ్చాయి, ఈ గోల మనకెందుకు అని మీరనవచ్చు. అంటే నేనొప్పుకోను. మన ఊరికి తూర్పుగా 44వ నెంబరు జాతీయ రహదారి పోతోంది. ఆదివారం తెల్లవారేసరికి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర నిలబడి చూడండి. లేపాక్షి బసవన్న దర్శనం వంకతోనో, ఇడ్లీ వంకతోనో బెంగుళూరునించి వచ్చే రంగురంగుల బళ్ళు కనబడక ముందే వినబడతాయి. అవి పోయాక వాటి రంగు చెప్పగలరు, చప్పుడు అనుకరించి చూపగలరు. నెంబరు చెప్పమంటే మాత్రం తెల్లమొహం వెయ్యాలి.

పైగా ఈ జబ్బు స్పోర్ట్స్ కార్లతో ఆగే రకం కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ఖానా ఉంది. 2019 ఆగస్టులో అక్కణ్ణించి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. 2023 జూలైకల్లా పది లక్షలో కారు కూడా వచ్చేసింది. పది లక్షల మొహాలు మన జిల్లాలోనే తయారయినప్పుడు మొహాల సంగతి మాట్లాడే అర్హత మనకి కాక ఇంకెవరికుంది? రెండు కోట్ల కారువాడు ఇవాళ చేసిన పని పన్నెండు లక్షల కారువాడు రేపు చేస్తాడు, మోటారుసైకిలు కుర్రాడు ఎల్లుండి చేస్తాడు. చేస్తున్నాడు కూడా. మోటారుసైకిళ్ళకి ముందు నెంబరు ఉండాలన్న సంగతే మన కుర్రకారులో సగంమంది మరిచిపోయారు. ఇంగ్లండులో 1975లో మోటారుసైకిళ్ళకి ముందు నెంబరు అక్కర్లేదన్నారు. మనకి ఎవరూ అనలేదు. మనమే అనేసుకున్నాం.

చట్టంలో ఎక్కడా తికమక లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వదీ, 51వదీ చదివితే చాలు. నెంబరు ముందూ ఉండాలి, వెనకా ఉండాలి. కారయితే అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10, మధ్య సందు 10. ఇక 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయిన బళ్ళకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దానిమీద అశోక చక్రం హోలోగ్రాము ఒకటి, లేజరుతో చెక్కిన పదంకెల గుర్తు ఒకటి, మళ్ళీ ఊడదీస్తే పనికిరాకుండా పోయే తాళపు మేకులు. ఆ మేకుల పుణ్యమా అని ప్లేటు దొంగతనాలు తగ్గాలి. కాని ప్లేటుని బ్రాకెట్టుకి మేకులతో బిగించి, ఆ బ్రాకెట్టుని మాత్రం కారుకి టేపుతోనో అయస్కాంతంతోనో అతికించే ఘనులున్నారు. తాళం తలుపుకే వేసి తలుపుని గోడకి చేరవేసినట్టన్నమాట. ఫోటోకి ముందు పీకెయ్యడం, ఆర్టీఓ కనబడితే తగిలించడం!

వీళ్ళకి సరిగ్గా ఎదురు జాతి ఇంకొకటుంది. వాళ్ళకి నెంబరంటే ప్రాణం. 2024 ఆగస్టులో హైదరాబాదు ఖైరతాబాదు ఆఫీసులో 9999 అనే నాలుగంకెల కోసం ఒక కారుగలాయన పాతిక లక్షలు దాటించి పాడుకున్నాడు. 8055 దొరికితే దాన్ని ఇంగ్లీషులో 'బాస్' అని చదువుకునేలా వంకర అంకెలు రాయించుకున్న బాసులు పాత ప్లేట్ల కాలంలో మన ఊళ్ళోనూ ఉండేవారు. ఆ 2024లోనే, ఎన్నికలయిన మర్నాటినించి, నెంబరుండవలసిన చోట 'పిఠాపురం ఎమ్మెల్యేగారి తాలూకా' అని రాసుకున్న బళ్ళు రాష్ట్రమంతా తిరిగాయి. పిఠాపురానికీ ఆ బండికీ సంబంధం ఏమిటని ఎవడూ అడగలేదు. అడగకూడదనే కదా రాసుకోవడం! నెంబరు దాచేవాడూ, నెంబరుకి పాతిక లక్షలు పోసేవాడూ, నెంబరు బదులు ఎమ్మెల్యేని పెట్టుకునేవాడూ పైకి వేరువేరుగా కనిపిస్తారు గాని, ముగ్గురూ చెప్పేది ఒకటే మాట. నలుగురిలాగా ఒక వరస నెంబరు తగిలించుకు తిరగడం తమకి చిన్నతనం.

మన భక్తిని కూడా ఇక్కడ కాస్త ముట్టుకోవాలి, కోపం తెచ్చుకోకండి. ఆయుధ పూజనాడు బండికి దండ వేస్తాం. మంచిదే. అరటి పిలకలు కడతాం. అదీ మంచిదే. కాని ఆ దండ సరిగ్గా నెంబరుమీదే వేలాడాలని ఏ శాస్త్రంలో ఉంది? ఎండిన బంతిపూలు దీపావళిదాకా అలాగే ఉంటాయి. మిగతా సంవత్సరమంతా నిమ్మకాయా మిరపకాయలూ వేలాడతాయి, అవీ నెంబరు మధ్యలోకే. 3 కాస్తా 8 అవుతుంది, లేకపోతే 8 కాస్తా ఏమీ కాకుండా పోతుంది. దిష్టి తగలకుండా అంటారు. తగిలేది దిష్టి ఒక్కటే అయితే నాకు పేచీ లేదు.

తగిలేవి ఇంకా ఉన్నాయి. సౌందర్యవాదులు దాటవేసే చోటు ఇదే. కారు ఎవణ్ణయినా గుద్దేది దేనితో? మూతితో. గుద్దబోయే ముందు ఆ మనిషి చూసేది దేన్ని? మూతిని. రోడ్డుపక్క టీ కొట్టువాడు పెట్టుకున్న కెమెరాలో ఎదురొచ్చే బండి పడేది ఏ వైపునించి? అదే మూతివైపునించి. "వెనకాల ఉందిగదప్పా నెంబరు" అంటారు. ఉంది. గంటకి 120 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది. ఇంగ్లండులో డ్రైవింగు పరీక్షకి వచ్చినవాడు 20 మీటర్ల దూరంనించి నెంబరు చదివి చూపించాలి. అక్కడి అక్షరం 79 మిల్లీమీటర్లు, మనదానికన్నా పెద్దది. అంటే కళ్ళు బాగున్న మనిషికి వెనక నెంబరు చదివే అవకాశం ఒక సెకనైనా ఉండదు. అందులో దుమ్ము లేస్తుంది, రోడ్డుమీద పడినవాడికి కళ్ళు తిరుగుతాయి, చుట్టుపక్కలవాళ్ళు పడ్డవాడివైపు పరుగెత్తుతారు గాని పారిపోయే బండి వెనకాల పరుగెత్తరు కదా. ముందొకటీ వెనకొకటీ ఉంటే దొరికే అవకాశం రెండింతలవుతుంది. ఇంకో సంగతి. గుద్దిన దెబ్బకి బంపరు పగిలి, ముందు ప్లేటు బ్రాకెట్టుతో సహా అక్కడే రాలిపడిపోయి, దాన్ని పట్టుకుని పోలీసులు తిన్నగా ఇంటికి పోయిన కేసులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. మొహానికి అందవిహీనం అన్న ఆ ప్లాస్టిక్కు ముక్కే ఒక్కోసారి ఏకైక సాక్షి.

సాక్షి ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అంటారా? లెక్క చెబుతాను. బండి ఏదో తెలిస్తే చచ్చిపోయినవాడి కుటుంబం ట్రిబ్యునలుకి పోవచ్చు. అతని వయస్సు, సంపాదన, ఇంట్లో అతనిమీద ఆధారపడ్డవాళ్ళెందరు, ఇవన్నీ చూసి పరిహారం కడతారు. దానికి పైన హద్దు లేదు. ఆ డబ్బు ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చుకుంటుంది. బండి ఏదో తెలియకపోతే? గుద్దిపారిపోయిన కేసు కింద రాసి, చనిపోతే 2 లక్షలు, గట్టి దెబ్బలయితే 50 వేలు. అదయినా 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఉదారం. అంతకుముందు మనిషి ప్రాణం 25 వేలు, గట్టి దెబ్బలు పన్నెండున్నర వేలు. ముప్పయ్యేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల్ని సాకుతూ, సోమందేపల్లి దగ్గర రోడ్డు దాటబోయిన కూలిమనిషి ఇంటికి రెండు లక్షలా, ఇంకో పదో పదిహేనో లక్షలు ఎక్కువా అన్నది ఆ 65 మిల్లీమీటర్ల అక్షరాల మీద ఆధారపడి ఉంది. మరి రెండు కోట్ల బండి ముందు నెంబరు లేకుండా పట్టుబడితే చట్టంలోని 177వ సెక్షను కింద మొదటిసారి జుల్మానా 500 రూపాయల దాకా, మళ్ళీ దొరికితే 1500 దాకా! ఆ బండికి ఒకసారి పెట్రోలు పోయిస్తే అంతకు మించే అవుతుంది.

ఇప్పుడు అమెరికా వస్తుంది. మన వాదనల్లో అమెరికా రాక తప్పదు. "మా బామ్మర్ది అట్లాంటాలో ఉండాడు, ఆడ ముందర నెంబరే లేదు" అంటారు. నిజమే, జార్జియాలో లేదు. ఫ్లోరిడాలో, మిచిగన్‌లో, పెన్సిల్వేనియాలో లేదు. ఒహాయోలో 2020 జూలైనించి తీసేశారు, యూటాలో 2025 జనవరినించి తీసేశారు. కాని మనవాళ్ళు గంపగుత్తగా కాపురమున్న కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీల్లో ముందు నెంబరు ఉండాల్సిందే. అక్కడి బావమరుదులెవరూ ఈ చర్చలోకి ఎందుకు రారో! స్టీవ్ జాబ్స్ అంతటివాడు తన మెర్సిడెస్‌కి ముందూ వెనకా రెండూ లేకుండా తిరిగాడు కదా అని ఇంకొకరు. తిరిగాడు. కొత్త కారుకి నెంబరు లేకుండా కొన్నాళ్ళు తిరగనిచ్చే వెసులుబాటు ఆ రోజుల్లో అక్కడి చట్టంలో ఉండేది. 2019 నుంచి కాలిఫోర్నియావాళ్ళు కొత్త బండికి షోరూములోనే తాత్కాలిక నెంబరు తగిలించి పంపుతున్నారు. అదీగాక ఒహాయో హైవే మీద వేరుశనక్కాయలు ఆరబోసుకుంటారా? బడి వదలగానే పిల్లలు గుంపులుగా అడ్డం పడతారా? మన రోడ్డు మనది. హిందూపురంనించి లేపాక్షికి పోయేదారిలో కారు ఎదురుపడేది కార్లకన్నా ఎక్కువగా మనుషులకీ, మేకలకీ.

కారుగలవాళ్ళ ఫిర్యాదులో న్యాయం బొత్తిగా లేదని మాత్రం అనను. ఒక్కటుంది. షోరూములో బండి చేతికిచ్చేరోజు, పూజారి కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయలు తొక్కించకముందే, డ్రిల్లు మిషను పట్టుకుని ఒక కుర్రాడొస్తాడు. కొలతా పాడూ లేకుండా కొత్త బంపరుకి బర్రున నాలుగు చిల్లులు పొడుస్తాడు. ప్లేటు ఎడమవైపు అరంగుళం ఒరుగుతుంది. "సెట్టయితాది సార్" అంటాడు. ఆ దృశ్యం చూసి కడుపు తరుక్కుపోయిందంటే నేను నమ్ముతాను. కాని ఆ కోపం ఎవరిమీద పడాలి? చట్టం చిల్లులు పొడవమనలేదు. నెంబరు కనబడేట్టు పెట్టమంది. ముందు నెంబరు అడిగే దేశాలు ఇన్ని ఉన్నాయని తెలిసి కూడా, నెంబరు అనేదే లోకంలో లేనట్టు కారు మొహం గీసినవాడి తప్పు అది.

తలుచుకుంటే చెయ్యలేక కాదు. జాగ్వార్ ఇ-టైపు అనే పాత స్పోర్ట్స్ కారుకి ముందర రేకు పెట్టే చోటు లేక, నెంబరుని స్టిక్కరుగా బానెట్టు మీద అంటించేవారు. ఇప్పటికీ దాన్ని అందగత్తె అనే అంటారు. ఇటలీ ఆల్ఫా రోమియోవాళ్ళు మధ్యనున్న తమ డాలు గుర్తుని వదులుకోలేక నెంబరుని ఒక పక్కకి జరిపారు, ఆ పక్క వాటమే వాళ్ళకి ఆనవాలయి కూర్చుంది. బండిని లాగడానికి కొక్కెం బిగించే మరచిల్లు చాలా కార్ల ముందు బంపరులో ఎలాగూ ఉంటుంది. దాన్లోకి మరతో బిగిసే బ్రాకెట్లు విదేశాల్లో అమ్ముతారు, బంపరుకి ఒక్క చిల్లు కూడా పడదు. అంతదూరం ఎందుకు, లేపాక్షి బసవన్నని చూడండి. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడుగు, ఒకే రాయి. మెడలో గంటలూ, పట్టెడలూ అన్నీ ఆ రాతిలోనే ఉన్నాయి. శిల్పి బసవన్నని చెక్కి ఇంటికి పోయి, గంటలు ఇంకెవడో తెచ్చి మేకులు కొట్టి తగిలించలేదు. గంటలు ఉండి తీరాలని అతనికి మొదటే తెలుసు కనక మెడని గంటలతో సహా ఊహించుకున్నాడు.

కార్లు గీసేవాళ్ళకి నెంబరు ఉండి తీరుతుందని తెలియదా? ఈసారి పేపర్లో కారు ప్రకటన పడ్డప్పుడు కాస్త పరకాయించి చూడండి. నెంబరు ఉండవలసిన చోట కారు పేరు అందంగా అచ్చేసి ఉంటుంది. అంటే అక్కడ ఏదో ఒకటి రాయవలసిన చోటు ఉందని వాళ్ళకీ తెలుసు. ఆ ఫోటో చూసి మనసు పారేసుకుని కొన్నవాడు, ఏపీ 39 అని రేకు తగలగానే మోసపోయానని ఏడుస్తాడు. నన్నడిగితే ప్రతి ప్రకటనలోనూ కారుని బ్రాకెట్టుతో, మేకులతో, పూర్తి నెంబరు ప్లేటుతో సహా అచ్చెయ్యాలని ఒక నిబంధన పెట్టాలి. హిందూపురం దుమ్ము కూడా కొంచెం చల్లి ఫోటో తీస్తే మరీ మంచిది. అప్పుడు కూడా చూడముచ్చటగా ఉండే కారు ఏదో తెలిస్తే, కొనడానికి డబ్బు చేర్చుకునేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు.