లాయరు లేకుండా వేసిన శిక్షకు తల వంచొద్దు. అప్పీలు మన హక్కు!

“లాయరున్నాడా?”
“లేడు బాబూ.”
“సాక్షిని ఏమైనా అడుగుతావా?”
ఏం అడగాలో తెలీదు. తల దించుకుంటాడు. ‘ప్రశ్నలు లేవు’ అని రికార్డుకెక్కుతుంది. శిక్ష పడిపోతుంది.

దీన్ని కాగితం మీద ‘ముద్దాయి తన కేసు తానే నడుపుకున్నాడు’ అంటారు. అటుపక్క చట్టం చదివిన ప్రాసిక్యూటరు. ఇటుపక్క ఛార్జిషీటు చదవలేని గిరిజనుడు. ఇదా విచారణ?

“వాడు అడగలేదు, అందుకే ఇవ్వలేదు” అంటారు. ఈ మాట 1986లోనే చచ్చిపోయింది. అరుణాచల్ ప్రదేశ్‌లో సుక్ దాస్ అనే వ్యక్తికి లాయరు లేకుండానే రెండేళ్ల శిక్ష వేశారు. అతను అడగలేదు కదా అని గౌహతి హైకోర్టు అప్పీలు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ శిక్షనే రద్దు చేసింది. ఉచిత లాయరు హక్కు ఉందన్న సంగతే తెలియనివాడు ఎలా అడుగుతాడు? చెప్పాల్సింది జడ్జి అని తేల్చింది.

“లాయరొద్దని సంతకం పెట్టాడు” అన్నా సరిపోదు. హక్కు ఏంటో పూర్తిగా తెలిసి, తన ఇష్టంతో వద్దన్నప్పుడే అది చెల్లుతుందని 2012లో కసబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కసబ్‌కి ఉన్న హక్కు కొండదొరకి లేదా?

ధారపర్తి కొండల మీది గూడేలను ఐదో షెడ్యూల్లో కలపమని ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాం. ఆ కొట్లాట వేరు, ఇది వేరు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పనిలేదు, ఊరు షెడ్యూల్ ఏరియాలో ఉందా లేదా అన్న లెక్కా లేదు.

శిక్ష పడిన ఇంటివాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి:

• జైలు శిక్ష పడితే తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.
• మేజిస్ట్రేట్ వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వెయ్యాలి. గడువు దాటినా, సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు.
• జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపొచ్చు. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిల్ ఇమ్మని కూడా అడగొచ్చు.
• అప్పీలుకూ ఉచిత లాయరు ఉంటాడు. విజయనగరం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి.

ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. “ఒప్పుకో, ఫైన్ కట్టి ఇంటికెళ్లిపో” అంటారు. సారా కేసయినా, అడవి కేసయినా నేరం ఒప్పుకున్నాక శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప అప్పీలుకు దారి ఉండదు. లాయరుతో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు.

అప్పీలు గెలిస్తే కేసు అక్కడితో పోతుందన్న భరోసా లేదు. మళ్లీ విచారణ జరపమని పంపొచ్చు. పంపనీ! ఈసారి మన పక్కన లాయరుంటాడు, సాక్షిని అడిగే ప్రశ్నలుంటాయి.

మా డిమాండ్ ఒక్కటే. లాయరు లేని గిరిజనుడి కేసులో ఒక్క సాక్షిని కూడా విచారించొద్దు. ముందు లాయరు, తర్వాతే విచారణ!

గూడెం గూడేనికీ ఈ మాట చేర్చండి.