రసీదు చించెయ్యకండి భాయ్!

రాత్రి పదకొండింటికి మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో వెబ్ డెవలపర్ వాడు. "భాయ్‌జాన్, సైటు పడిపోయింది. నేను కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు, కసమ్!" గొంతులో ఘబ్రాయింపు తెలుస్తోంది. పొద్దునదాకా బాగానే నడిచిన బట్టల దుకాణం సైటు అది. డబ్బు కట్టే పేజీ తెల్లగా వస్తోందట. తెల్లారితే సేల్.

అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటపడింది. కొత్త లాప్‌టాప్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేస్తుంటే ఏదో ఎర్రర్ వచ్చింది. సీనియర్ ఒకాయన నుస్ఖా చెప్పాడు: "నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, లాక్ ఫైల్ రెండూ తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ కొట్టు." వీడు కొట్టాడు. ఎర్రర్ పోయింది. కొత్తగా పుట్టిన లాక్ ఫైల్‌ని అలాగే కమిట్ చేసి సర్వర్‌కి పంపేశాడు.

ఈ నుస్ఖా నాకూ తెలుసు. ఝూట్ ఎందుకు చెప్పాలి, నేనూ ఎన్నోసార్లు వాడాను. అందుకే గట్టిగా చెప్తున్నా: ఇది ఇలాజ్ కాదు, సబూత్‌ని తుడిచెయ్యడం.

ప్యాకేజ్ డాట్ జేసన్‌లో మనం రాసేది అమ్మీ కిరాణా దుకాణానికి పంపే చిట్టీ లాంటిది. "బాస్మతీ, మంచిది" అని రాస్తుంది, అంతే. మనం 1.4.0 ముందు క్యారెట్ గుర్తు పెడితే అర్థం, 1.4.0 గానీ దానికంటే కొత్తది గానీ, 2.0.0 కంటే కిందున్నది ఏదైనా పర్వాలేదని. 1.5 వచ్చినా సరే, 1.9 వచ్చినా సరే. మొదటి అంకె మారనంతవరకూ పాతది ఏదీ చెడదని రాసినవాళ్ళ వాదా. వాదా మాత్రమే, గ్యారంటీ కాదు. లాక్ ఫైల్ అంటే దుకాణం నుంచి వచ్చిన రసీదు. సరిగ్గా ఏ వెర్షన్ వచ్చింది, ఏ చోటు నుంచి వచ్చింది, మధ్యలో ఎవరూ మార్చలేదని చెప్పే మొహర్ ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. మనం అడిగిన ఇరవై ప్యాకేజీలవే కాదు, అవి వెంటబెట్టుకొచ్చిన వందల మెహమాన్ల హిసాబ్ కూడా. దాన్ని తుడిచామంటే ఆ వందల్లో ప్రతిదానికీ "ఇవాళ నీ దగ్గరున్న కొత్తది పంపు" అని చెప్పినట్టే. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదని వాడు తిన్న కసమ్ నిజమే. మారింది కోడ్ కింద ఉన్న నేల.

రూబీ, పీహెచ్‌పీ వాళ్ళకి ఈ రసీదు ముందునుంచే అలవాటు. జావాస్క్రిప్ట్‌లో 2016 అక్టోబర్‌లో వచ్చిన యార్న్ దీన్ని అలవాటు చేసింది, 2017లో ఎన్‌పీఎం 5 దానంతట అదే రాసుకోవడం మొదలుపెట్టింది. అదే 2016 మార్చిలో ఒక డెవలపర్ పేరు తకరారులో నారాజై, తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. పదకొండు లైన్ల లెఫ్ట్‌ప్యాడ్ కూడా అందులో పోయి, ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి. (సరుకే దుకాణంలో లేకపోతే రసీదు ఏం చేస్తుంది, అది వేరే సంగతి.) కానీ 2022 జనవరిలో కలర్స్ ప్యాకేజీ విషయం చూడండి. రాసినాయనే అందులో ఆగని లూప్ పెట్టి కొత్త వెర్షన్ వదిలాడు. పెద్ద కంపెనీలకు ఊరికే పనిచెయ్యనని 2020లోనే చెప్పాడాయన. ఆయన చేసింది గలతే. అయినా ముఫ్త్‌లో వాడుకున్న మనకి ఆయన మెహనత్ మీద ఏ హక్ ఉందో కూడా కాస్త ఆలోచించాలి. ఆ రోజు పాత లాక్ ఫైల్‌తో బిల్డ్ చేసినవాళ్ళ పని ఆగలేదు. "కొత్తది పంపు" అన్నవాళ్ళ తెర మీద చెత్త అక్షరాలు ఆగకుండా పరిగెత్తాయి.

2025 సెప్టెంబర్‌లో దొంగ ఈమెయిల్‌తో ఒక మెయింటెయినర్ ఖాతా కొట్టేసి చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లో జహర్ కలిపారు. వాటిని చాలామంది వాడతారు. కొద్ది గంటల్లోనే తీసేశారు. ఆ కొద్ది గంటల్లో లాక్ ఫైల్ తుడిచి ఇన్‌స్టాల్ కొట్టినవాడి నసీబ్ ఏమిటి?

"మరి పాత వెర్షన్లలో సెక్యూరిటీ రంధ్రాలు అలాగే ఉండిపోవా?" అని అడుగుతారు. ఉంటాయి. ఏళ్ళ తరబడి అప్‌డేట్ చెయ్యకపోవడం కూడా లాపర్వాయే. చెయ్యండి, కానీ పగటిపూట, ఒక్కొక్కటిగా, లాక్ ఫైల్‌లో ఏం మారిందో చదువుతూ చెయ్యండి. నిన్న రాత్రి వచ్చిన వెర్షన్‌ని ఇవాళే ఎక్కించాల్సిన మజ్బూరీ చాలాసార్లు ఉండదు. విడుదలై ఇంత సమయం గడిస్తేనే తీసుకో అని పీఎన్‌పీఎంకి చెప్పొచ్చు. సర్వర్ మీదైతే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ వాడండి. అది చిట్టీకీ రసీదుకీ తేడా కనబడితే అక్కడే ఆగిపోతుంది.

మావాడి కథ రాత్రి పన్నెండున్నరకి తేలింది. గిట్‌లోంచి ముందురోజు లాక్ ఫైల్ వెనక్కి తెచ్చి, సీఐ కొట్టి, మళ్ళీ ఎక్కించాం. పేజీ తెరుచుకుంది. ఇక మొదటి ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలుసా? ప్రాజెక్ట్ నోడ్ 18ది, వాడి కొత్త లాప్‌టాప్‌లో ఉన్నది నోడ్ 22. ఎన్‌వీఎం పెట్టుకుని ఒక్క కమాండ్ కొడితే సరిపోయేది. ఎర్రర్ మెసేజ్ మూడో లైన్‌లో ఆ మాటే రాసి ఉంది, ఎవరూ చదవలేదు.

ఇప్పుడు వాళ్ళ ప్రాజెక్ట్‌లో నోడ్ నంబర్ రాసిన చిన్న ఫైల్ ఒకటి చేరింది. సీనియర్ మాత్రం ఇంకా తుడుస్తూనే ఉన్నాడట.